మార్ఫిన్ వాడే మనిషి వంగిపోతే: మా అమ్మ విషయంలో నా అనుభవం

అమ్మ చేతుల కుదుపులు ఆగిపోయాయి. నల్లమందు నుంచి తీసే నొప్పిమందు మార్ఫిన్ మాత్రలు మాని, అదే కోవకు చెందిన ఫెంటనిల్ అనే మందును చర్మం మీద అంటించే పట్టీకి మారిన తరువాత మంచం మీద తనంతట తానే పక్కకు తిరుగుతోంది. మనసు కుదుటపడింది గానీ కోపం చల్లారలేదు. చల్లారకముందే రాస్తున్నాను.

అమ్మకు రొమ్ము క్యాన్సర్ వెన్నుపూసలకు పాకింది. మధుమేహం ఎప్పటినుంచో ఉంది. నొప్పి మొదలైన కొత్తలో ఒక పక్కకు ఒరిగి, నడుము మీద చెయ్యి వేసుకుని, గోడ పట్టుకుని నడిచేది. హైదరాబాదులోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో, నొప్పినీ బాధలనూ తగ్గించి చూసుకునే పాలియేటివ్ కేర్ విభాగంలో పేరు రాయించడం, చీటీ తీసుకోవడం, మాత్రలు తెచ్చుకోవడం సాఫీగా జరిగిపోయాయి. నాలుగు గంటలకొకటి చొప్పున 10 మిల్లీగ్రాముల మాత్ర, పడుకునే ముందు రెండు, వాటితోపాటు తప్పనిసరిగా విరేచనాల మందు. మొదట్లో కాస్త మగతగా ఉండి తరువాత తేరుకుంది. మనిషిని వంచేస్తుందని అందరూ భయపడే ఆ మందే మా అమ్మ నడుమును నిటారుగా నిలిపింది. పూజ గదిలో పీట మీద కూర్చుని దీపం పెట్టుకుంది. ఇది నేను కళ్లారా చూశాను. ఎవరు కాదన్నా ఒప్పుకోను.

తరువాత వాంతులు పట్టుకున్నాయి. నీళ్లు తాగడం తగ్గింది. నేను ఉద్యోగానికి వెళ్లిన వేళల్లో బాబాయి మా వీధి ఆర్‌ఎంపీని పిలిపించి, నడుము నొప్పికని డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు చేయించారు. ఆ వారంలోనే అమ్మ తీరు మారిపోయింది. మాట మధ్యలో గడ్డం గుండెకు ఆనించి తూగేది. కూర్చోబెడితే ఒళ్లు మెల్లగా ముందుకు వాలి ముఖం మోకాళ్ల దగ్గరికి వచ్చేది. మరోవైపు చేతులు, భుజాలు ఉన్నట్టుండి ఎగిరిపడేవి. చేతిలోని కాఫీ గ్లాసు విసిరేసినట్టు పోయి గోడకు తగిలింది. దుప్పటి కప్పుతూ పాదం తాకినా కాలు అదిరిపడేది.

బాబాయి ఫోనులో ఒక వీడియో చూపించారు. అమెరికాలోని ఫిలడెల్ఫియా, కెన్సింగ్టన్ వీధులు. మనుషులు నడుము దగ్గర మడిచినట్టు వంగి, చేతులు వేలాడేసి, పడిపోకుండా అలాగే నిలబడి ఉన్నారు. "వదిన కూడా ఇలాగే అయిపోతుంది. మత్తుకు అలవాటు చేశావు" అన్నారు. అక్కడ వీధుల్లో దొరికేది కొలత తెలియని ఫెంటనిల్. అందులో పశువులకు మత్తివ్వడానికి వాడే జైలజీన్ లాంటి మందులు కూడా కలుపుతుంటారు. మెలకువా కండరాల బిగువూ రెండూ సడలిపోతాయి. వాళ్లూ జబ్బుపడ్డ మనుషులే. వాళ్ల అవస్థను ఫోన్లలో చేతులు మార్చుకుని చూడటం నాకు ఏమాత్రం నచ్చదు.

ఆ రాత్రి మగత ఎక్కువైతే దగ్గరలోని ఒక ప్రైవేటు ఆస్పత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాను. డ్యూటీ డాక్టరు అమ్మ వంగిన తీరు చూశాడు, నా చేతిలోని మాత్రల అట్ట చూశాడు. "ఇవి మీకెలా దొరికాయి?" అన్నదే మొదటి ప్రశ్న. నొప్పి గురించి అడగలేదు. చీటీ చూపిస్తే దాన్ని లైటు కింద తిప్పి చూసి, నకిలీదో కాదో తేలాలన్నాడు. మాత్రలు లాక్కుని సెక్యూరిటీ మనిషిని నా పక్కన నిలబెట్టాడు. వార్డులో ఉన్నవాళ్లంతా నా వైపే చూస్తున్నారు. "కన్నతల్లికి మత్తు పెడుతున్నారా, అమ్మా?" అని నర్సు గట్టిగానే అంది. నేను బిల్లు కౌంటరు దగ్గర నిలబడి ప్రతి మాత్ర లెక్కా అప్పజెప్పాల్సి వచ్చింది. లెక్క నా దగ్గర ఉంది. వేళ, మాత్ర, నొప్పి ఎంత, విరేచనం అయిందా లేదా, అన్నీ మొదటి రోజు నుంచి నోటు పుస్తకంలో రాస్తున్నాను. అంత శుభ్రంగా రాసిన పుస్తకాన్ని ఆయన తెరవనైనా లేదు.

మార్ఫిన్ ఆపడమే నేరమని నేననడం లేదు. ఆపి, దాని బదులు నొప్పికి ఏమీ ఇవ్వకుండా, మూత్రపిండాల పరీక్ష రాయకుండా వదిలేశారు. తెల్లవారేసరికి అమ్మ ఒళ్లంతా చెమటలు. నొప్పికి మళ్లీ పాతలాగే ఒక పక్కకు వంకర తిరిగిపోయింది. "ఇంటికి తీసుకుపో, తల్లీ" అని నా చెయ్యి పట్టుకుంది.

పాలియేటివ్ డాక్టరమ్మకు ఫోను చేశాను. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టమన్నారు. కుదుపులను వీడియో తీసి పంపమన్నారు. చూడగానే "క్రియాటినిన్ ఎంతుంది?" అని అడిగారు. మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష అది. పరీక్ష చేయిస్తే బాగా పెరిగి ఉంది. కాలేయం మార్ఫిన్‌ను మార్చి తయారుచేసే పదార్థాలను మూత్రపిండాలే బయటికి పంపాలి. అవి మొరాయిస్తే ఆ పదార్థాలు ఒంట్లో పేరుకుని, కొన్ని మగత పెంచుతాయి, కొన్ని నరాలను రెచ్చగొట్టి కుదుపులు తెస్తాయి. ఈ కుదుపులను మయోక్లోనస్ అంటారు. ఒంట్లో నీరు తగ్గడం, పాత మధుమేహం, పైన డైక్లోఫెనాక్, మూడూ కలిసి మూత్రపిండాలను దెబ్బతీశాయి. అమ్మను చేర్చుకుని సెలైను ఎక్కించారు. ఫెంటనిల్ పట్టీ పనిచేయడానికి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది కాబట్టి అప్పటిదాకా నొప్పిని సూదిమందుతో అదుపులో పెట్టారు. కెన్సింగ్టన్‌లో మనుషులను వంచిన ఫెంటనిలే, కొలిచి ఇస్తే, మా అమ్మను మళ్లీ కూర్చోబెట్టింది. నా నోటు పుస్తకాన్ని డాక్టరమ్మ తన జూనియర్లకు చూపించి, ఇలా రాయమని రోగుల వాళ్లకు చెప్పండన్నారు. నాకు గర్వంగానే ఉంది.

మీ ఇంట్లో ఎవరైనా మార్ఫిన్ వాడుతుంటే కుదుపులు కనిపించిన రోజే క్రియాటినిన్ అడగండి. మగత ముదిరి ఊపిరి మందగిస్తే క్షణం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా మెడ, దవడ బిగిసిపోయేలా చేయగలదు, దాని పేరూ చెప్పండి. వీధి ఇంజెక్షన్ల వాళ్లను గడప తొక్కనివ్వకండి. ఆ డైక్లోఫెనాక్ గురించి మా ఇంట్లో ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు, మార్ఫిన్‌కు మాత్రం అందరూ వణికారు.

ఉత్తరప్రదేశ్‌లోని ఘాజీపూర్‌లో, మధ్యప్రదేశ్‌లోని నీమచ్‌లో ప్రభుత్వమే నల్లమందు శుద్ధిచేసే కర్మాగారాలు నడుపుతోంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి భయపడి ఆస్పత్రులు మార్ఫిన్ ఉంచుకోవడం మానేస్తే, 2014లో దాన్ని సవరించి నొప్పికి వాడే ఈ మందుల నిబంధనలు సడలించారు. అత్యవసర విభాగంలో కూర్చునే డాక్టరుకు ఈ సంగతి తెలియాల్సిన అవసరం లేదా?

ఆ ఆస్పత్రి యాజమాన్యానికి ఉత్తరం రాసి చీటీ నకలు, క్రియాటినిన్ రిపోర్టు, నా నోటు పుస్తకంలోని పేజీల నకళ్లు జతచేశాను. లాక్కున్న మాత్రలకు రసీదు కావాలనీ, ఆ రాత్రి నొప్పికి మందు ఎందుకు ఇవ్వలేదో రాతపూర్వకంగా చెప్పాలనీ అడిగాను. ఇంకా జవాబు రాలేదు. సోమవారం నేనే వెళ్లి అడుగుతాను.