పొద్దున ఆపరేషన్, సాయంత్రం ఇల్లు: గాల్‌బ్లాడర్ రాళ్లకు ఇది ఎవరికి కుదురుతుంది?

గాల్‌బ్లాడర్‌ను ల్యాపరోస్కోపీతో, అంటే చిన్న కోతల గుండా కెమెరా, పరికరాలు పెట్టి తీసేసే ఆపరేషన్ ఇది. కోతలు చిన్నవి కాబట్టే సాయంత్రానికి ఇంటికి పంపేస్తారని చాలామంది అనుకుంటారు. చిన్నవే, నిజం. మామూలుగా బొడ్డు దగ్గర 10 మిల్లీమీటర్లది ఒకటి, రొమ్ము ఎముక కింద ఒకటి, కుడి పక్కటెముకల కింద 5 మిల్లీమీటర్లవి రెండు. అయితే డిశ్చార్జి వాటిని బట్టి తేలదు. లోపల పని ఎంత శుభ్రంగా జరిగింది, ఇంట్లో ఆ రాత్రి ఎవరు తోడుంటారు, తేడా వస్తే ఆసుపత్రికి ఎంతసేపట్లో చేరతారు అన్నవి చూడాలి.

అప్పుడప్పుడూ నొప్పి వచ్చిపోతూ, గుండె, ఊపిరితిత్తులు బాగున్నవాళ్లకు ఇది బాగా కుదురుతుంది. గాల్‌బ్లాడర్ వాచి జ్వరం ఉంటే కుదరదు. కామెర్లున్నా, స్కాన్‌లో పైత్యనాళం (లివర్ నుంచి పేగుకు పైత్యరసం తీసుకెళ్లే గొట్టం) వెడల్పుగా కనిపించినా నాళంలో రాయి ఉందేమో ముందు ఎంఆర్‌సీపీతో, అంటే ఆ నాళాలను చూపించే ఎంఆర్‌ఐ స్కాన్‌తో చూడాలి. ఉంటే సాధారణంగా ఈఆర్‌సీపీతో, అంటే నోటి గుండా ఎండోస్కోప్ పంపి తీశాకే ఈ ఆపరేషన్. మత్తుకు 6 గంటల ముందు నుంచి తిండి, 2 గంటల ముందు నుంచి నీళ్లు కూడా ఆపాలి. కేసు పొద్దున్నే వేయించుకోండి. మధ్యాహ్నం మొదలైతే గమనించడానికి సమయం చాలదు.

పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్‌ను 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడితో నింపుతారు. అసలు జాగ్రత్త ఆ తర్వాత. కొవ్వు, పొరలు తొలగించి, గాల్‌బ్లాడర్ కింది మూడో వంతును లివర్ నుంచి విడదీసి, దానిలోకి వెళ్లేవి రెండే రెండని, ఒక నాళం, ఒక రక్తనాళం అని, కళ్లారా చూశాకే క్లిప్ వేసి కత్తిరించాలి. అమెరికన్ సర్జన్ స్ట్రాస్‌బర్గ్ 1995లో ఈ నియమాన్ని స్పష్టంగా రాసిపెట్టారు. ప్రధాన పైత్యనాళాన్ని గాల్‌బ్లాడర్ నాళమనుకుని కోసేయడమే ఈ ఆపరేషన్‌లో ఘోరమైన ప్రమాదం. ఆ దృశ్యం దొరక్కపోతే గాల్‌బ్లాడర్‌లో కొంత భాగం వదిలేసి రావడమో, పెద్ద కోతకు మారడమో మంచి సర్జన్ చేసే పనే. అలా మారితే రాత్రి ఆసుపత్రిలోనే.

సాయంత్రం ఇంటికి వెళ్లనీయనివి ఎక్కువగా వాంతులు, నొప్పి. అందుకే మత్తులో ఉండగానే వాంతులకు మందు, కోతల దగ్గర బుపివకైన్ అనే తిమ్మిరి మందు ఇస్తారు. ఇంటికి పంపాలంటే నీళ్లు తాగి నిలుపుకోవాలి, లేచి నడవాలి, మూత్రం పోయాలి, నొప్పి మాత్రలతో అదుపులో ఉండాలి. కుడి భుజం లాగితే హడలిపోకండి. పొట్టలో నింపిన గ్యాస్ వల్ల డయాఫ్రం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండర పొర) రేగితే నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో పోతుంది. ఛాతీ బిగుసుకుని చెమటలు పడితే మాత్రం వెంటనే వెళ్లాలి.

పైత్యం కారడం మొదటి రోజే బయటపడకపోవచ్చు. తగ్గాల్సిన నొప్పి పెరుగుతున్నా, పొట్ట ఉబ్బినా, జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్ర వేసుకుని రేపు చూద్దామనుకోవద్దు, ఆ పూటే వెళ్లండి.

24 గంటలు అడ్మిట్ అయితేనే ఇన్సూరెన్స్ వస్తుందన్న భయంతో ఉండిపోయేవాళ్లున్నారు. మీ పాలసీలో డే కేర్ (అదే రోజు ఇంటికి పంపే) చికిత్సల సంగతి ముందే చూసుకోండి. తీసిన గాల్‌బ్లాడర్ బయాప్సీ రిపోర్టు మీరు ఇంటికొచ్చిన కొన్నాళ్లకు వస్తుంది. అరుదుగానైనా అందులో క్యాన్సర్ బయటపడుతుంది కాబట్టి కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అడిగి తీసుకోండి.