లేని ఊరికి నక్షా గీసిన నా అనుభవం

నిన్ననే నా ఊరి నక్షా మీద చివరి ఇంకు గీత పడింది. నల్లగొండ, పాలమూరు వీధులనూ, ప్రబంధాల్లోని పురవర్ణననూ కలిపి కట్టుకున్న ఊరు అది. పేరు నీలమర్రి. నల్లగొండ పాత పేరు నీలగిరి, పాలమూరులో పిల్లలమర్రి, రెండూ కలిపేశాను. పేరుకు కష్టపడలేదు.

చదవడం కూడా హాయిగానే సాగింది. మనుచరిత్రలో అరుణాస్పదపురం పద్యం వరణా నది పేరుతోనే మొదలవుతుంది. ముందు ఏరు, తర్వాత ఆకాశాన్నంటే కోటగోడ, మేడలు. నేనూ నీళ్లతోనే మొదలుపెట్టాను. నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లులో, ఒకప్పుడు అక్కడ ఏలిన కందూరు చోడుల నాటి ఉదయసముద్రం కట్ట మీద నిలబడి చూస్తే ఊళ్లు చెరువులను పట్టుకుని ఎందుకు పెరిగాయో తెలుస్తుంది. కట్ట, తూము, అలుగు, దిగువన ఆయకట్టు కుదిరాకే వీధులు వేశాను. మురుగు ఎటు పారాలో మాత్రం ఏ కవీ చెప్పడు, అది గల్లీల్లో తిరిగి నేర్చుకున్నదే.

పాత నక్షాల్లో బండిబాట, కుంట, గ్రామకంఠం (ఇళ్లు ఉండే జాగా) ఎలా చూపిస్తారో చూద్దామని ఒక సర్వే ఆఫీసుకు పోయాను. అక్కడే నా ప్రాణం విసిగింది.

"ఏ సర్వే నంబరు సారూ?"

"నంబరు లేదండీ. ఊహించి గీస్తున్న ఊరు. పాత నక్షా ఒక్కటి చూపిస్తే చాలు."

ఆయన పక్క టేబులు వైపు తిరిగి, "లేని ఊరికి నక్షా గావాల్నంట!" అని గట్టిగా చెప్పాడు. పాసుబుక్కుల కోసం నిలబడ్డ వాళ్లంతా నా వైపు చూసి నవ్వారు. ఇంకొకాయన నా చేతిలోని నక్షా కాగితం గుంజుకుని, "వెంచర్ ఎక్కడ? గజం ఎంత?" అన్నాడు. వెంచర్ కాదంటే నమ్మలేదు. చెరువు మీద వేలు పెట్టి, "ఈ శిఖం భూమి పూడ్చి అమ్ముతరా?" అని నిలదీశాడు. శిఖం అంటే చెరువు నీళ్లు నిలిచే నేల. పెద్దసారు వచ్చేదాకా కాగితం ఇవ్వనన్నాడు. సాయంత్రం దాకా దొంగలాగా బెంచీ మీద కూర్చున్నాను. చివరికి పెద్దసారు వచ్చి, ఒక్కసారి చూసి, "పనిలేనోళ్లతోని మాకు టైం లేదు" అని నాలుగు మడతలు పెట్టి చేతిలో పెట్టాడు. నేను ఎంతో జాగ్రత్తగా గీసిన కట్ట మీదుగా పడింది ఆ మడత.

ఇప్పటికీ మండుతోంది. నక్షా అంటే ప్లాట్లేనా? చెరువు గీసినవాణ్ణి అనుమానించిన వాళ్లు, నిజంగా చెరువులు పూడ్చేవాళ్లను ఇట్లాగే బెంచీ మీద కూర్చోబెడతారా?

కాబట్టి ఆఫీసులకు పోకండి. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 నక్షాలు వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి. అందులో రెండు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. 20 మీటర్లకొక ఎత్తు గీత ఉంటుంది. దేవరకొండ గుట్టల గీతలు చూసే నా కోటను నిలబెట్టాను. నడిబొడ్డున గడియారం చౌరస్తా పెట్టాను, నల్లగొండలోనూ పాలమూరులోనూ గడియారాలు ఉన్నాయి కదా. చెరువు నుంచి ప్రతి వీధికీ వాలు సరిపోయింది. ఇంత పట్టి చూసి గీసినవాళ్లు మా దగ్గర ఎవరూ లేరని ధైర్యంగా చెప్తాను.

ట్రేసింగ్ పేపరు మాత్రం మందంగా ఉన్నదే కొనండి. పల్చటిది గీకితే చిరిగిపోతుంది.