అక్యూట్ అంటే ముదిరిందని కాదు

పక్కింటి అత్తయ్యగారు డిశ్చార్జి కాగితం పట్టుకొచ్చి మొదట అడిగింది మందుల గురించి కాదు. "అక్యూట్ గ్యాస్ట్రోఎంటరైటిస్ అని రాశారమ్మా, అంత ముదిరిపోయిందా?" అని. మామయ్యగారికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే సెలైన్ ఎక్కించి, తగ్గాక పంపించేశారు. ఆయన అప్పటికే వరండాలో కూర్చుని పెరుగన్నం తింటున్నారు. "కంగారు పడకండి అత్తయ్యగారూ, హఠాత్తుగా వచ్చిందని మాత్రమే దాని అర్థం" అని చెప్పాను. సగమే నమ్మారు.

ఆసుపత్రుల్లో రోగులకిచ్చే కరపత్రాలు, అంగీకార పత్రాలు తెలుగు చేయడం నా పని. ఈ మాటతో నాకు పాత తగవు ఉంది. లాటిన్‌లో ఆకుస్ అంటే సూది. సానపెట్టినదాన్ని అకూటుస్ అన్నారు. ఆక్యుపంక్చర్‌లో ఉన్నదీ ఆ సూదే. ఇంగ్లీషులో వాసనలు ఇట్టే పసిగట్టే ముక్కును, చురుకైన బుద్ధిని, పొడిచినట్టుండే నొప్పిని అక్యూట్ అనవచ్చు. నీళ్లకు కటకట వచ్చినా ఆ మాటే వాడతారు. అక్కడ పత్రికలు 'తీవ్ర కొరత' అని రాస్తే తప్పు పట్టడానికేమీ లేదు. (ముద్దుగా ఉన్న పిల్లల్ని క్యూట్ అంటాం కదా, అది అక్యూట్‌కు తల నరికితే మిగిలిన మాట. మొదట్లో దాని అర్థం ముద్దు కాదు, గడుసుతనం.)

చిక్కంతా వైద్యంలోనే. డాక్టరు రాసే అక్యూట్ అన్న మాట జబ్బు పరిమాణాన్ని చెప్పదు, కాలాన్ని చెబుతుంది. త్వరగా మొదలై, సాధారణంగా కొద్దికాలంలో ఏదో ఒక దరికి చేరేది అక్యూట్. ఏళ్ల తరబడి వెంట ఉండేది క్రానిక్. విరేచనాలు 14 రోజుల లోపు ఉంటే అక్యూట్. హెపటైటిస్ బి 6 నెలలు దాటినా పోకపోతే క్రానిక్. ఈ లెక్కన మామూలు జలుబు అక్యూట్ జబ్బే. కిడ్నీలనూ కళ్లనూ నెమ్మదిగా తినేసే మధుమేహం క్రానిక్. ఏది పెద్దదో ఈ పేర్లను బట్టి చెప్పలేం. గుండెపోటునూ అక్యూట్ అనే రాస్తారు, అది ప్రాణం తీయగలదు. అందుకని అక్యూట్ అంటే చిన్నదే అనుకున్నా ప్రమాదమే.

అయినా నిఘంటువు తెరిస్తే తీవ్ర, పత్రిక తెరిస్తే తీవ్ర. అది తప్పనడానికి నా దగ్గర ఒక గట్టి సాక్ష్యం ఉంది. 2003లో ప్రపంచాన్ని వణికించిన సార్స్ పూర్తి పేరు సివియర్ అక్యూట్ రెస్పిరేటరీ సిండ్రోమ్. సివియర్ అంటేనే తీవ్రం. అక్యూట్ కూడా అదే అయితే ఆ రెండు మాటలూ పక్కపక్కన ఎందుకుంటాయి? తెలుగు చేసేవాళ్లు చేసేది లేక ఒకదాన్ని మింగేస్తారు, మింగకపోతే 'తీవ్రమైన తీవ్ర శ్వాసకోశ వ్యాధి' అవుతుంది.

లెక్కల పుస్తకాల్లో ఈ మాటకు ఇంకో గతి పట్టింది. 90 డిగ్రీల కంటే చిన్న కోణం, మొన తేలి ఉండేది, ఇంగ్లీషులో అక్యూట్. మనవాళ్లు దాన్ని అల్పకోణం, లఘుకోణం అన్నారు. బడిలో అల్పం, ఆసుపత్రిలో తీవ్రం! బడివాళ్ల పక్షమే నాది. వాళ్లు మాటను వదిలి కోణాన్ని చూశారు.

నా కరపత్రాల్లో ఇప్పుడు 'హఠాత్తుగా వచ్చిన' అని రాస్తున్నాను. సంపాదకులు ఒక్కోసారి దాన్ని కొట్టేసి తీవ్ర అని పెడతారు, నేను మళ్లీ మారుస్తాను. అక్యూట్ లుకేమియా దగ్గర మాత్రం హఠాత్తుగా అన్నది సరిపోదు. చికిత్స అందకపోతే వారాల్లో, నెలల్లో పెరిగిపోయే రక్త క్యాన్సర్ అది. అక్కడ 'వేగంగా ముదిరే' అని రాస్తాను. ఒక మాటకు రెండు తెలుగు మాటలేమిటని సంపాదకులు నసుగుతారు. నసగనివ్వండి.