నోట్‌బుక్స్ పంచాం సరే, పిల్లలకి చదవడం వచ్చిందా?

మా ఊరి ప్రైమరీ బడిలో చదివిన పాత బ్యాచ్ వాళ్ళం ఓ పాతిక మందిమి ఉంటాం, కొందరం హైదరాబాద్‌లో, కొందరు బెంగళూరులో, ఇద్దరు డల్లాస్‌లో. ఒక నాలుగేళ్ళ పాటు ప్రతి జూన్‌లో బడి తెరవగానే పిల్లలందరికీ నోట్‌బుక్స్, పెన్నులు, బ్యాగులు ఇచ్చాం. 2020 నుంచి ప్రభుత్వమే కిట్ ఇస్తోంది కాబట్టి మాది ఆగిపోయింది. ఇప్పుడు మళ్ళీ వాట్సాప్ గ్రూప్‌లో ఈసారి ఏం ఇద్దాం అని మొదలైంది, ఒకడు ట్యాబ్‌లు అంటాడు, ఒకడు టీవీ అంటాడు, నేను చెప్పాలనుకున్నది గ్రూప్‌లో టైప్ చేస్తుంటే పెద్దదైపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మేం పంచుతున్న రోజుల్లోనే ఒక సంక్రాంతికి ఊరెళ్తే మా వెనక వీధిలో ఉండే ఒకావిడ కనిపించింది, వాళ్ళ పాప అప్పుడు నాలుగో క్లాసు. "మీరిస్తారని తెలుసు కదన్నయ్యా, అందుకే ఈ ఏడు పుస్తకాలు కొనలేదు, ఆ డబ్బుల్తో పాపకి చెప్పులు, గొడుగు కొన్నాను" అంది. చాలా సంతోషంగా చెప్పింది, నేనూ సంతోషించాను. తర్వాత ఎప్పుడో ఒక స్టడీ చదువుతుంటే ఆవిడ మాట గుర్తొచ్చి ఒక్కసారి ఆగిపోయాను.

ఆ స్టడీ మన దగ్గర చేసిందే. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఎకనామిస్టులు అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 500 ప్రభుత్వ బడుల్లో రకరకాల పద్ధతులు పెట్టి చూశారు, ఏ బడికి ఏది అన్నది లాటరీ. అందులో 100 బడులకి పిల్లవాడికి ఏడాదికి 125 రూపాయల లెక్కన నోట్‌బుక్స్, వర్క్‌బుక్స్, పలకలు లాంటివి కొనుక్కోమని గ్రాంట్ ఇచ్చారు. మొదటి ఏడాది ఆ డబ్బు వస్తుందని ఇళ్ళల్లో ఎవరికీ తెలీదు, వాళ్ళు కొనేది వాళ్ళు కొన్నారు, దానికి ఇది తోడైంది, పిల్లల మార్కులు కొంచెం పెరిగాయి. రెండో ఏడాదికి అందరికీ తెలిసిపోయింది, బడి ఇస్తుందిలే అని తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించేసుకున్నారు, ఆ ఏడాది గ్రాంట్ వల్ల చదువులో తేడా ఏమీ రాలేదు. జాంబియాలో కూడా ఇదే తీరు. మా వెనక వీధి ఆవిడ చేసింది అక్షరాలా ఇదే.

దీన్ని నేను దండగ అనను, ఆ పాపకి చెప్పులు అవసరమే, వానలో తడవకుండా బడికెళ్ళింది. కానీ మేం చేసింది ఆ ఇంటికి కొన్ని వందలు మిగల్చడం, గ్రూప్‌లో చెప్పుకున్నది మాత్రం పిల్లల చదువు బాగుచేశాం అని. ఆ రెండూ ఒకటి కాదు.

ఆ సంక్రాంతికే పాప నోట్‌బుక్ చూశాను, అట్ట మీద మా బ్యాచ్ స్టిక్కర్ ఉంది. లోపల ముత్యాల్లాంటి అక్షరాలు, పేజీ తర్వాత పేజీ, ఒక్క కొట్టివేత లేదు. ఎంత ముచ్చటేసిందో! ఏదీ ఈ పేజీ చదువమ్మా అంటే వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ "చె... రు... వు..." అని లైను చివరికొచ్చేసరికి మొదటి మాట మర్చిపోయింది. అదంతా బోర్డు మీద చూసి ఎక్కించింది. బుర్ర ఉన్న పిల్ల, ఎక్కాలు గడగడా చెప్పింది, చదవడం మాత్రం ఎవరూ పక్కన కూర్చుని నేర్పలేదు. ఇంకెన్ని నోట్‌బుక్స్ ఇచ్చినా ఆ పిల్ల వాటినీ అంతే అందంగా నింపేది.

టీవీ కొన్న పక్కూరి బడిలో పిల్లలు బాగా చదువుతున్నారు అంటున్నాడు మావాడు. దీనికి నాకు తెలిసిన మంచి జవాబు కెన్యా. అక్కడ పశ్చిమ ప్రాంతంలో ఫ్లిప్‌చార్టులు, అంటే టీచర్ ఒక్కో పేజీ తిప్పుతూ చూపించే పెద్ద చార్టులు, ఉన్న బడుల్నీ లేని బడుల్నీ పోలిస్తే ఉన్నచోట మార్కులు బాగా ఎక్కువ కనిపించాయి. తర్వాత 178 బడులు తీసుకుని సగం బడులకి చార్టులిచ్చి మిగతా సగానికి ఇవ్వకుండా చూస్తే తేడా లేదు. చార్టులు కొనుక్కునే బడి ముందే శ్రద్ధగా నడుస్తున్న బడి, మార్కులు ఆ శ్రద్ధవి. పక్కూరి బడికి టీవీ కంటే ముందు మంచి హెడ్‌మాస్టర్ గారు వచ్చారని మనందరికీ తెలుసు కదరా. అదే కెన్యాలో టెక్స్ట్‌బుక్స్ కూడా ఇచ్చి చూశారు, ముందే బాగా చదివే పిల్లలకే లాభం, ఎందుకంటే పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చాలామంది పిల్లలకి అది మూడో భాష. ఈ పనుల్లో ఉన్న ఎకనామిస్టు మైకేల్ క్రెమర్‌కి 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోతో కలిపి ఎకనామిక్స్ నోబెల్ ఇచ్చారు.

కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకపోవడం అన్యాయం కాదా అని మా చెల్లి అడిగింది. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ అందరికీ ఇచ్చేంత డబ్బు ఎలాగూ లేనప్పుడు ఎవరికి ముందు అన్నది లాటరీ వేస్తే తప్పేముంది, తెలిసినవాళ్ళ బడికి ఇవ్వడం కంటే నయమే కదా.

మాకున్నది ఒక్క బడి, మేం స్టడీలు చేయలేం, ఇప్పటికే తేలినదాన్ని వాడుకోవాలి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ పద్ధతి ఉంది, ఏ క్లాసు అన్నది చూడకుండా పిల్లలు ఎక్కడున్నారో చూసి అక్షరాల దగ్గర ఉన్నవాళ్ళని ఒక గుంపు, మాటల దగ్గర ఉన్నవాళ్ళని ఒక గుంపు చేసి అక్కణ్ణించి నేర్పడం. ఇది కూడా అన్నిచోట్లా పనిచేయలేదు. బీహార్‌లో టీచర్లకి ట్రైనింగ్, మెటీరియల్ మాత్రమే ఇస్తే బడి రోజుల్లో ఏ తేడా రాలేదు, వాళ్ళ మీద సిలబస్ ఒత్తిడి అలాంటిది. హర్యానాలో రోజూ ఒక గంట దీనికే కేటాయించి పైఅధికారులు కూడా వెంటపడ్డారు, పనిచేసింది. ఉత్తరప్రదేశ్‌లో 10 రోజుల చొప్పున మొత్తం 50 రోజులు క్యాంపులు పెట్టారు, బాగా పనిచేసింది.

కాబట్టి నా ప్రపోజల్ ఇది. టీవీ డబ్బుతో ఊళ్ళో డిగ్రీ చదివిన ఇద్దరు అమ్మాయిల్ని పెట్టుకుని వాళ్ళకి జీతమిచ్చి, రోజూ ఒక గంట, 3, 4, 5 క్లాసుల వాళ్ళతో చేయిద్దాం. మన బడి హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడాను, సరే అన్నారు. మొదలుపెట్టే ముందు ఒక్కో పిల్లనీ పక్కన కూర్చోబెట్టుకుని రెండో క్లాసు తెలుగు పేరా చదివించి రాసుకోవాలి, డిసెంబర్‌లో మళ్ళీ అదే స్థాయి పేరా, వచ్చే జూన్‌లో ఇంకోసారి. జూన్ రెండో వారంలో మూడు రోజులు నేను ఊళ్ళోనే ఉంటా, ఇంకో ఇద్దరు వస్తే పిల్లలందరివీ అయిపోతాయి, ఎవరొస్తారో గ్రూప్‌లో చెప్పండి.