చప్పుడు చేయని ట్రిమ్మర్ కోసం

మా షైర్ జాతి భారీ గుర్రం గిట్టల మీదుగా జాలువారే కుచ్చు వెంట్రుకలంటే నాకు ప్రాణం. వాటిని కత్తిరించాల్సి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. కానీ వారం రోజులుగా అది రాత్రుళ్లు కాలిని నేలకేసి కొడుతోంది. తడిమి చూస్తే గిట్ట వెనుక మడతలో గరుకుగా పక్కులు తగిలాయి. ఆ గుబురులో కంటికి ఆనని పురుగులు చేరాయని, మందు చర్మానికి అందాలంటే వెంట్రుకలు తీయక తప్పదని పశువైద్యుడు చెప్పారు.

పాత క్లిప్పర్ మోగగానే చెవులు వెనక్కి వాల్చి వణికిపోయింది. గుర్రాలు దాదాపు 33 కిలోహెర్ట్జ్ దాకా వినగలవు, మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది. మనకు మెత్తగా అనిపించే మోటారు దానికి కీచుమని వినిపించవచ్చు. అందుకే కొత్తగా చిన్న ట్రిమ్మర్ కొనేటప్పుడు చప్పుడు ఒక్కటే చూడలేదు, ముంజేతి ఎముకకు ఆనించి అదురు కూడా చూశాను. గుర్రం కాలి కింది భాగంలో కండ ఉండదు కదా, ఆ అదురంతా ఎముకకే తెలుస్తుంది.

చిన్న ట్రిమ్మర్‌కు అంత దట్టమైన వెంట్రుకలు బరువే. ముందు కత్తెరతో కురచ చేసి, మట్టి పోయేలా కడిగి, పూర్తిగా ఆరనిచ్చాను. మొదటి మూడు రోజులు కత్తిరించనే లేదు. ట్రిమ్మర్ ఆన్ చేసి భుజం దగ్గర పట్టుకుని నిలబడ్డాను, అంతే. నాలుగో రోజు మొదలుపెట్టాక, బ్లేడు వేడెక్కిందేమోనని మాటిమాటికీ నా చెంపకు తాకించి చూసుకున్నాను.

మూడో కాలు దగ్గరికి వచ్చేసరికి కింది పెదవి వేలాడేసి కునుకు తీస్తోంది. ఇవాళ మొదటిసారి మందు పట్టించాను.