58-58 వచ్చిన వారం: ఎఫ్‌పీఎల్ హెడ్ టు హెడ్‌లో ఏ టై తేల్చాలి, ఏది వదిలేయాలి

బెంగళూరు ఆఫీసుల్లో మనవాళ్లు నడుపుకునే ఫాంటసీ ప్రీమియర్ లీగ్ (ఎఫ్‌పీఎల్) గ్రూపుల్లో గొడవ మొదలయ్యేది మంగళవారం పొద్దున్నే. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగు ఆటగాళ్లతో టీము కట్టుకుంటే, వాళ్లు నిజం మ్యాచుల్లో ఆడినదాన్ని బట్టి పాయింట్లొచ్చే ఆట ఇది. హెడ్ టు హెడ్‌లో ప్రతి వారం, అంటే ప్రతి గేమ్‌వీక్, ఇద్దరిద్దరి స్కోర్లు పోటీ పడతాయి. చలికాలంలో సోమవారం రాత్రి మ్యాచ్ మన టైముకి 1:30కి మొదలై మూడున్నరకి ముగుస్తుంది. సిల్క్ బోర్డ్ దగ్గర క్యాబ్ ఆగినప్పుడు ఫోన్ తీస్తే స్కోరు 58-58. పందెం ఆంధ్రా మెస్‌లో భోజనం. ఎవరు పెట్టాలి? దీనికి జవాబు ఆగస్టులో, సీజన్‌లో మొదటిసారి టీము ఖాయం చేసే డెడ్‌లైన్‌కి ముందే రాసి ఉండాలి. స్కోరు చూశాక పెట్టిన రూలు ఎంత సరైనదైనా, ఓడినవాళ్లు ఒప్పుకోరు.

ముందు ఆ 58 నిజంగా 58 ఏనా అని చూడండి. మన టీమ్ పేజీలో పెద్దగా కనిపించే అంకెలో హిట్, అంటే అదనపు ట్రాన్స్‌ఫర్లకి (ఆటగాళ్ల మార్పులకి) పడే కోత, ఉండదు. ఉచిత ట్రాన్స్‌ఫర్లు దాటితే ఒక్కోదానికి 4 చొప్పున హెడ్ టు హెడ్ స్కోరులో తగ్గుతుంది. 62 కొట్టి ఒక హిట్ తీసుకున్నవాళ్లది 58 కిందే లెక్క. రెండోది ఆటో సబ్. ఇది గేమ్‌వీక్ అంతా అయిపోయాకే జరుగుతుంది. అసలు దిగని ఆటగాడి స్థానంలోకి బెంచ్ వరసలో ముందున్నవాడు వస్తాడు, కనీసం ముగ్గురు డిఫెండర్లు మిగలాలి కాబట్టి ఒక్కోసారి వరస దాటి తర్వాతివాడు వస్తాడు. కానీ మీవాడు 89వ నిమిషంలో దిగి ఒక్క నిమిషం ఆడినా సరే, ఆ 1 పాయింటే మీది, బెంచ్ మీద 12 ఉన్నా రాదు. మూడోది సమీక్ష, అంటే మ్యాచ్ అయ్యాక గణాంకాలను మళ్లీ చూసి సరిచేయడం. 2025-26 నుంచి డిఫెండర్ ఒక మ్యాచ్‌లో క్లియరెన్సులు, బ్లాకులు, ఇంటర్‌సెప్షన్లు, ట్యాకిళ్లు కలిపి 10 చేస్తే 2 పాయింట్లు. మిడ్‌ఫీల్డర్‌కి, ఫార్వర్డ్‌కి బంతి తిరిగి దక్కించుకున్నవి కూడా కలుపుతారు, గీత 12. విజిల్ అయ్యేసరికి 9 దగ్గర ఉన్నవాడికి సమీక్షలో ఒక ట్యాకిల్ కలిస్తే 56 కాస్తా 58 అవుతుంది. అందుకే ఆట తన పాయింట్లను ఖరారు చేసేదాకా గ్రూపులో ఫలితం ప్రకటించొద్దు.

టైలు ఇన్ని ఎందుకొస్తాయంటే ఇక్కడ అన్నీ పూర్ణాంకాలే. అమెరికన్ ఫుట్‌బాల్ ఫాంటసీలో చాలా లీగులు క్వార్టర్‌బ్యాక్ విసిరిన ఒక్కో గజానికి 0.04 లెక్కేస్తాయి, దాంతో సమానం కావడం అరుదు. మనదాంట్లో డిఫెండర్ గోల్‌కి 6, మిడ్‌ఫీల్డర్‌కి 5, ఫార్వర్డ్‌కి 4, అసిస్ట్‌కి 3. పైగా అందరి టీముల్లోనూ సగం మంది ఒకళ్లే. ఇద్దరి దగ్గరా ఉన్న ఏడెనిమిది మంది కొట్టేసుకుపోతే పోటీ మిగిలిన ముగ్గురు నలుగురి మధ్యే.

మామూలు వారాల్లో వచ్చిన టైని టైగానే వదిలేయాలి, దీని మీద నాకు రెండో మాట లేదు. ఆట కూడా గెలుపుకి 3, డ్రాకి 1 ఇస్తుంది. భోజనం ఎవరి డబ్బులు వాళ్లవి. తేల్చాల్సింది నాకౌట్‌లోనే.

ఎఫ్‌పీఎల్ తన కప్‌లో వాడే వరస ఇది: ఆ గేమ్‌వీక్‌లో ఎక్కువ గోల్స్ కొట్టిన టీము, అదీ సమానమైతే తక్కువ గోల్స్ ఇచ్చిన టీము, ఆ తర్వాత బొమ్మా బొరుసూ. మొదటిది బాగుంటుంది, కెప్టెన్ (పాయింట్లు రెట్టింపయ్యేవాడు) గోల్స్ ఒక్కసారే లెక్కపెట్టాలని, ఆటో సబ్ అయ్యాక మిగిలిన పదకొండుగురివే చూడాలని సొంత లీగులో రాసుకోండి. రెండోదాన్ని షీట్‌లో గోల్‌కీపర్, డిఫెండర్లకే లెక్కేస్తే ఇబ్బంది ఉంది: ఐదుగురు డిఫెండర్లను దింపినవాళ్ల ఖాతాలో ముగ్గుర్ని దింపినవాళ్లకన్నా గోల్స్ సహజంగానే ఎక్కువ పడతాయి. దాని బదులు ఆ వారం హిట్ తీసుకోని టీము గెలిచినట్టు అని పెట్టడం మేలు.

బెంచ్ పాయింట్లతో తేల్చే అలవాటు చాలాచోట్ల ఉంది. దయచేసి మానేయండి. 11 పాయింట్లు తెచ్చేవాణ్ని బయట కూర్చోబెట్టిన తప్పుకి బహుమతి ఇచ్చినట్టవుతుంది. పైగా బెంచ్ బూస్ట్ (ఆ వారం బెంచ్ పాయింట్లనూ కలిపే సదుపాయం) వాడినవాళ్లకి ఆ పాయింట్లు అసలు స్కోరులోనే కలిసిపోయాయి, మళ్లీ లెక్కేస్తే రెండుసార్లు, లెక్కెయ్యకపోతే సున్నా. కెప్టెన్ పాయింట్లూ పనికిరావు: చాలా వారాలు ఇద్దరి కెప్టెనూ ఒకడే.

పది మంది ఉంటే లెక్క ముచ్చటగా కుదురుతుంది. ఒకరితో ఒకరు ఆడటానికి 9 వారాలు, నాలుగు విడతలకి 36. మిగిలిన 37లో సెమీస్, 38లో ఫైనల్. పదకొండో మనిషిని చేర్చుకుంటే ప్రతి వారం ఒకరికి ‘యావరేజ్’ ప్రత్యర్థి, అంటే ఎఫ్‌పీఎల్ ఆడేవాళ్లందరి ఆ వారం సగటు స్కోరు. టీము పెట్టి వదిలేసినవాళ్లూ ఆ సగటులో ఉంటారు కాబట్టి అది తేలిక మ్యాచే. 38 వారాల్లో ఐదుగురికి అది నాలుగుసార్లు, మిగతా ఆరుగురికి మూడుసార్లు వస్తుంది. పన్నెండో మనిషిని వెతకండి, లేదంటే పదిమందితో ఆగండి.

పట్టికలో ఇద్దరు సమానంగా నిలిస్తే సీజన్ మొత్తం పాయింట్లే చూడాలి. ముఖాముఖి ఫలితాలు చూద్దామంటే ముగ్గురు సమానమైన రోజు ఒకరు రెండోవారిని, రెండోవారు మూడోవారిని, మూడోవారు మళ్లీ మొదటివారిని ఓడించి ఉండొచ్చు, అప్పుడు ముడి విడదు. డెడ్‌లైన్ దాటాక వాయిదా పడ్డ మ్యాచ్ పాయింట్లు అది ఆడిన గేమ్‌వీక్‌కే చేరతాయి, పాత ఫలితాన్ని తిరగదోడొద్దు.

డెడ్‌లైన్ వారంలో మొదటి మ్యాచ్‌కి 90 నిమిషాల ముందు. శుక్రవారం రాత్రి మ్యాచ్ అక్కడ 8 గంటలకైతే మనకి డెడ్‌లైన్ రాత్రి 11. అక్టోబర్ చివరి ఆదివారం ఇంగ్లండ్‌లో గడియారాలు వెనక్కి తిప్పాక అదే డెడ్‌లైన్ అర్ధరాత్రి 12, శనివారం మధ్యాహ్నం 3:30ది కాస్తా 4:30. మార్చి చివరి ఆదివారం మళ్లీ గంట ముందుకొస్తుంది. టీములు తారుమారయ్యేది ఆ మార్చి వారంలోనే, అందుకని గ్రూపులో రిమైండర్ మన టైములోనే పెట్టండి.