ఆ ట్యాబ్ బాగుందా అని అడిగితే

కొత్త ట్యాబ్ తీసుకుని మూడు వారాలయింది. మార్కెట్లోకి వచ్చిన మొదటి వారంలోనే కొన్నాను కాబట్టి తెలిసినవాళ్లంతా నన్నే అడుగుతున్నారు, బాగుందా, కొనొచ్చా అని. మా అక్కయితే ఫోన్ చేసి "ఒరేయ్, ఒకడేమో ఇంతకంటే మంచిది లేదంటాడు, ఇంకొకడు డబ్బులు తగలేసుకున్నట్టే అంటాడు, నువ్వు వాడుతున్నావు కదా, ఒక్క ముక్కలో చెప్పు" అంది. చెప్పలేకపోయాను. మాట దాటేద్దామని కాదు. ఈ ట్యాబ్ గురించి నేను చదివినవాటిలో పొగిడినవాళ్లూ తిట్టినవాళ్లూ చాలావరకు నిజమే రాశారు, నా చేతిలో ఉన్న దానికి ఆ రెండూ సరిపోతున్నాయి.

ఎందుకిలా అని ఆలోచిస్తే నాకు తోచింది ఇది. ఫోన్ ఏం చేయాలో అందరికీ ఒకటే లెక్క ఉంది, మాట్లాడాలి, మెసేజ్ వెళ్లాలి, ఫొటో తీయాలి, రోజంతా ఛార్జింగ్ ఉండాలి. ట్యాబ్‌కి అలాంటి లెక్క లేదు. దాన్ని ఒకరు ల్యాప్‌టాప్ పక్కన పెట్టి చూస్తారు, ఒకరు పుస్తకం పక్కన, ఒకరు నోట్‌బుక్కు పక్కన. అర కిలో బరువనుకోండి, బ్యాగులో ల్యాప్‌టాప్ మోసి మోసి విసిగిపోయినవాడికి అది ఉన్నట్టే తెలీదు. అదే పడుకుని ఒంటి చేత్తో పట్టుకుని నవల చదివే మనిషికి పావుగంటలో మణికట్టు లాగేస్తుంది. ఒకరు "చాలా తేలిక" అని రాస్తారు, ఒకరు "మోయలేం బాబూ" అని రాస్తారు. ఇద్దరూ చెప్పేది ఒకే బరువు గురించి.

2010 జనవరి 27న ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ ఆ కంపెనీ మొదటి ట్యాబ్ ఐప్యాడ్‌ని చూపించినప్పుడు జరిగింది కూడా ఇదే. కెమెరా లేదు. యూఎస్‌బీ లేదు. వెబ్‌లో వీడియోలు ఆడించే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ నడవదు, అంటే అప్పట్లో చాలా వెబ్‌సైట్లలో వీడియో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా కనిపించేది. పాటలు వినడం లాంటి ఒకటి రెండు పనులు తప్ప రెండు యాప్‌లు ఒకేసారి నడిపే వీలు లేదు. "ఇది పెద్ద సైజు ఐపాడ్ టచ్ (పాటలు వినే ఆపిల్ చిన్న పరికరం), అంతే" అన్నవాళ్లు బోలెడుమంది, చెప్పాలంటే వాళ్ల జాబితాలో ఒక్క తప్పు లేదు. కానీ ఏప్రిల్ 3న అమెరికాలో అమ్మకాలు మొదలైతే మొదటి రోజే 3 లక్షలు పోయాయి, 28 రోజుల్లో 10 లక్షలు. కొన్నవాళ్లకి ఆ లోపాలు తెలియక కాదు. సోఫాలో కూర్చుని ఫొటోలు చూసుకోవడానికి, మెయిల్ చదువుకోవడానికి, పిల్లాడికి బొమ్మల పుస్తకం చూపించడానికి వాళ్లకి యూఎస్‌బీతో పనిపడలేదు. రెండు యాప్‌లు ఒకేసారి నడిపే మల్టీటాస్కింగ్ అదే ఏడాది నవంబరులో అప్‌డేట్‌గా వచ్చింది, కెమెరాలు 2011 మార్చిలో రెండో ఐప్యాడ్‌తో వచ్చాయి. కాలిక్యులేటర్ మాత్రం 2024 దాకా రాలేదు! పద్నాలుగేళ్లు. అంత చిన్న విషయం మీద అన్నేళ్లపాటు జనం అడుగుతూనే ఉన్నారు, కొంటూనే ఉన్నారు.

అలాగని ప్రతి ఫిర్యాదునీ "ఎవరి అవసరం వాళ్లది" అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. 2011 ఏప్రిల్‌లో బ్లాక్‌బెర్రీ ఫోన్ల కంపెనీ నుంచి ప్లేబుక్ అనే ట్యాబ్ వచ్చింది. మెయిల్ అంటే బ్లాక్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ అంటే మెయిల్ అనుకునే రోజులవి. ఆ కంపెనీ ట్యాబ్‌లో సొంత మెయిల్ యాప్ లేదు, క్యాలెండర్ లేదు, అవి కావాలంటే పక్కన వాళ్ల ఫోన్ పెట్టుకుని దానికి జత చేసుకోవాలి. 2012 ఫిబ్రవరిలో అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు, అప్పటికి అడిగే జనమే తగ్గిపోయారు. 2012 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ నుంచి సర్ఫేస్ ఆర్‌టీ అనే ట్యాబ్ వచ్చింది, చూడ్డానికి అచ్చం విండోస్, కానీ పాత విండోస్ ప్రోగ్రాములేవీ అందులో ఎక్కవు. పైగా 32 జీబీ అని కొన్నవాళ్లకి వాడుకోవడానికి మిగిలింది సుమారు 16 జీబీ. ఇక్కడ కోపం వచ్చినవాళ్లది అభిరుచి తేడా కాదు, పెట్టె మీద చూసింది ఒకటి, ఇంటికి తెచ్చుకుంది ఇంకొకటి. మరుసటి ఏడాది జులైలో ఆ కంపెనీ వాటి మీద 90 కోట్ల డాలర్లు నష్టం కింద రాసుకుంది.

హెచ్‌పీ కంపెనీ తెచ్చిన టచ్‌ప్యాడ్ అనే ట్యాబ్ కథ ఇంకో రకం. 2011 జులై 1న అమ్మకానికి వచ్చింది, ఆగస్టు 18న ఇక తయారు చేయబోమని ప్రకటించేశారు, మధ్యలో 49 రోజులు కూడా నిండలేదు. బరువు, నెమ్మది, యాప్‌లు లేవు అని పెదవి విరిచారు అందరూ. ఆ ప్రకటన తర్వాత ధర మొదటిదానిలో అయిదో వంతుకి దించారో లేదో, అదే ట్యాబ్ కోసం జనం ఎగబడ్డారు, స్టాకు ఇట్టే అయిపోయింది. ట్యాబ్ ఒక్క గ్రాము తగ్గలేదు, ఒక్క యాప్ పెరగలేదు. అందుకే ఎవరైనా రాసింది చదువుతుంటే వాళ్లు దాన్ని ఎంతకి కొన్నారు, అసలు కొన్నారా, ఎవరైనా ఇచ్చారా అని చూడటం నాకు అలవాటైపోయింది.

ఇప్పుడు నా దాని సంగతి. కంపెనీ పేరు ఇక్కడ వద్దు. స్క్రీన్ బాగుంది, స్పీకర్లు చాలా బాగున్నాయి, పెన్ను రాత దాదాపు కాగితం మీద రాసినట్టే ఉంది, అరచేయి స్క్రీన్‌కి ఆనించి రాసినా పిచ్చి గీతలు పడటం లేదు. నన్ను ఇబ్బంది పెట్టింది వేరే. రెండో రోజు రాత్రి నిలువుగా పట్టుకుని ఒక తెలుగు వ్యాసం చదువుతూ వేలితో పైకి జరుపుతున్నాను. ప్రతి లైనూ ఒక పక్కకి ఒరిగినట్టు అనిపించింది. కుడివైపు అక్షరాలు ముందు లేస్తున్నాయి, ఎడమవైపువి కొంచెం వెనకబడి వస్తున్నాయి. వేలు ఆపగానే అంతా సర్దుకుంటుంది. మన అక్షరాలకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కదా, అవి జరిగేటప్పుడు నీళ్లలో నీడలా ఊగుతున్నాయి. కళ్లు అలసిపోయాయేమో అనుకున్నాను. పొద్దున చూసినా అంతే.

దీన్ని జెల్లీ స్క్రోలింగ్ అంటారు, కొత్త జబ్బేం కాదు. 2021లో ఆరో తరం ఐప్యాడ్ మినీ వచ్చినప్పుడు దీని మీద పెద్ద గొడవే నడిచింది, ఆపిల్ మాత్రం ఎల్‌సీడీ స్క్రీన్లలో ఇది మామూలేనని చెప్పింది. జరిగేదేంటంటే, స్క్రీన్ మీద బొమ్మ అంతా ఒకేసారి మారదు, ఒక అంచు నుంచి మొదలై వరస తర్వాత వరస మారుతూ రెండో అంచుకి చేరుతుంది. సెకనుకి 60 సార్లు మారే స్క్రీన్‌లో ఒక్కో బొమ్మకి దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లు, ఈ ప్రయాణమంతా ఆ లోపలే. ఆ మార్పు పక్క నుంచి పక్కకి నడుస్తూ, మనం పేజీని కింద నుంచి పైకి జరిపామంటే, ఒక పక్క కొత్త చోటికి వచ్చేసరికి రెండో పక్క ఇంకా పాత చోటే ఉంటుంది. ట్యాబ్‌ని అడ్డంగా తిప్పితే స్క్రీన్ మార్పూ మనం జరిపే పేజీ రెండూ ఒకే దారిలో నడుస్తాయి కాబట్టి ఆ ఒరుగుడు కనిపించదు. నేను తిప్పి చూశాను, నిజంగానే పోయింది.

అసలు విషయం ఏంటంటే ఇది అందరికీ కనిపించదు. నా స్నేహితుడు ఒకడు అదే మోడల్ కొన్నాడు, గంటలకొద్దీ చదువుతాడు, నేను ఎంత చెప్పినా "ఎక్కడరా, నాకేం తెలీట్లేదు" అంటాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు. నేనూ చెప్పడం లేదు. కొందరికి కొన్ని స్క్రీన్లు తలనొప్పి తెప్పిస్తాయి, పక్కనున్న మనిషికి ఆ స్క్రీన్‌తోనే హాయిగా ఉంటుంది. అలాంటప్పుడు తలనొప్పి వచ్చినవాళ్లని పట్టుకుని "నువ్వు పోటీ కంపెనీ మనిషివా" అని ఎగతాళి చేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. డబ్బు పోసి కొని, కళ్లు నొప్పెట్టి, ఆ మాట పైకి చెప్పినందుకు మళ్లీ మాటలు పడటమా?

మొదటి వారంలో వచ్చే బ్యాటరీ మాటల్ని మాత్రం నేను అంతగా పట్టించుకోను, మంచైనా చెడైనా. కొత్త ట్యాబ్ మొదటి రెండు మూడు రోజులు లోపల ఏదో ఒక పని చేస్తూనే ఉంటుంది, పాత ఫొటోలు దింపుకోవడం, యాప్‌లు అప్‌డేట్ చేసుకోవడం, ఉన్నవన్నీ వెతుక్కోవడానికి వీలుగా సర్దుకోవడం. నాది కూడా మొదటి రోజు సాయంత్రానికే ఎర్ర గీత చూపించింది, అయిదో రోజు నుంచి రెండు రోజులు వస్తోంది. మొదటి రోజే రాసి ఉంటే ఉత్త పుణ్యానికి ఇంకొకరిని టెన్షన్ పెట్టేవాణ్ణి.

మొన్న ఆదివారం అక్క వచ్చింది. తను టీచరు, పిల్లల జవాబు పత్రాలు స్కాన్ చేసి పంపితే స్క్రీన్ మీదే దిద్దాలి. "నువ్వు ఏమీ చెప్పకు, ముందు నన్ను వాడనీ" అని లాక్కుంది. పెన్ను పట్టుకుని వరసగా పన్నెండు పత్రాలు దిద్దింది, మార్కులు వేసింది, తప్పుల కింద గీతలు గీసింది, మధ్యలో ఒకసారి కూడా తల ఎత్తలేదు. అయ్యాక నేను ఆగలేక జెల్లీ సంగతి చెప్పాను. పది నిమిషాలు పేజీలు జరిపి చూసింది, కనిపించలేదు. నా ఫోన్‌తో స్లో మోషన్‌లో వీడియో తీసి చూపించాను. అప్పుడు ట్యాబ్‌ని మళ్లీ చేతిలోకి తీసుకుని ఒకసారి జరిపి, ఇంకోసారి జరిపి, "అవునురా, ఒరుగుతోంది" అంది. కాసేపు ఊరుకుని, "చూపించకుండా ఉండాల్సింది" అంది.

నాకు చాలా తప్పు చేసినట్టనిపించింది. కానీ తనే మళ్లీ పత్రాలు తెరిచి చూసి, "వీటిని నేను పైకి జరపనుగా, పేజీ పేజీ తిప్పుతాను" అంది. తిప్పితే ఏమీ కనిపించదు. కాసేపు అలాగే తిప్పుతూ కూర్చుని, పెన్ను దాంతోపాటే వస్తుందా, విడిగా కొనాలా అని అడిగింది.